ఫోరే యను మాటయు మా నడిగడ్డయు



నేను చెప్పబోవునది యొక యింగ్లీషు మాటను గూర్చి. పల్లెపట్టున నరుగుమీద గూర్చుండి రేడియో వినుచున్న పెద్దలకు ఇంగ్లీషు మాటతో నేమి పని యని మీ రడుగవచ్చును. పని కలదు. ఆ మాట మన పొలములమీదుగా, మన గడ్డివాములమీదుగా నడచిపోయిన మాట. దాని పేరు మన పూర్వులు వినలేదు గాని, దాని దెబ్బ మాత్రము పలుమారు తినియుండిరి.

మాది ఇటిక్యాల. కృష్ణకును తుంగభద్రకును నడుమ నున్న నడిగడ్డ సీమలోని యూరు. గద్వాలలో కాలేజీ చదువు చదువుచున్న మా మనుమడు సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చి, ఒకనాటి యుదయమున ఇంగ్లీషు పత్రిక చదువుచు, "తాతా, ఫోరే అంటే ఏంది?" అని యడిగెను. నేను ముప్పది యేండ్లు బడిలో తెలుగు చెప్పినవాడను. ఇంగ్లీషుతో నాకు గల పరిచయము నిఘంటువు ద్వారమున గలిగినదే. పెట్టెలోని పాత నిఘంటువు తీసి చూచి, "కొల్లకై చేయు దాడి, చిన్న దండయాత్ర" అని చెప్పితిని. వాడు పత్రికవైపు మరల జూచి పక్కున నవ్వెను.

"బియ్యం మిల్లాయన రాజకీయాలల్లకు వచ్చిండని రాసిండ్రు తాతా. మిల్లాయన యాడికి దండు పోయిండు?" అనెను.

నాకు వెంటనే బదులు తోచలేదు. సెలవులు ముగిసి వాడు పోయెను గాని, ఆ మాట నన్ను విడువలేదు. కొంతకాలము దానిని వెంబడించి తెలిసికొన్న సంగతులే నేడు మీతో బంచుకొనుచున్నాను.

నేటి యింగ్లీషు పత్రికలలో ఈ మాట వాడుక యిట్లున్నది. ఎవడైన తనకు అలవాటు లేని రంగమున గాలుపెట్టినచో, "అతని మొదటి ఫోరే" యందురు. నటుడు ఎన్నికలలో నిలిచినను, వైద్యుడు నవల వ్రాసినను, నూనెల వర్తకుడు బట్టల యంగడి తెరచినను ఈ మాటయే. అందు నింద లేదు. కొంచెము మెప్పు, కొంచెము వేడుక కలవు. అయితే దాని వెంట "మొదటి", "చిన్న", "కొద్దికాలపు" అను విశేషణములు తరచుగా వచ్చుచుండుటను గమనింపుడు. పోయినవాడు అక్కడనే యుండిపోవునని ఈ మాట చెప్పదు. పోయి చూచి, కుదిరిన నుండును, లేకున్న మరలివచ్చును. ఈ మరలివచ్చు గుణమే దానికి ప్రాణము. అది యెక్కడనుండి వచ్చినదో చూతము.

పాత ఫ్రెంచి భాషలో "ఫుయెర్" అనగా గడ్డి, పశువుల మేత. ఇంగ్లీషులో మేతకు "ఫాడర్" అనియు, అన్నమునకు "ఫుడ్" అనియు నున్న మాటలు దీనికి దాయాదులే. సేనతో గూడ నడచుచు గుర్రములకు మేత సమకూర్చువానికి ఆ ఫ్రెంచి మాటనుండియే యొక పేరు పుట్టినది. పరరాజ్యమున మేత సమకూర్చుట యనగా నేమో పల్లెవారికి వేరుగ జెప్పనక్కరలేదు. కొనువా డెవడును లేడు. కళ్లములోనిది కట్టుకొని పోవుటయే. గడ్డికై వచ్చినవాడు గింజను విడువడు, గింజకై వచ్చినవాడు గొడ్డును విడువడు. కావున 14వ శతాబ్దికే "ఫోరే" యనగా కొల్లగొట్టుటకై పొరుగు సీమలో జొరబడుట యని యర్థము స్థిరపడినది.

అప్పటి ఇంగ్లండునకును స్కాట్లండునకును నడుమ నున్న సరిహద్దు సీమలో ఇది యేటేట జరుగు పనియే. ఈవలి వారు రాత్రివేళ గుర్రములెక్కి యావలి పశువులను దోలుకొని వచ్చెడివారు. మరుసటి నెల వారు వచ్చి వీరివి తోలుకొని పోయెడివారు. 1603లో రెండు రాజ్యములకు నొక్కడే రాజైన పిమ్మట ఆ యలవాటు క్రమముగా నణగినది. పని పోగా మాటయు మరుగున బడినది. 18వ శతాబ్దినాటికి దాని వాడుక దాదాపు లేదు. తరువాత వాల్టర్ స్కాటు అను కవి, తన సరిహద్దు సీమ వీరులను గూర్చి వ్రాయుచు దానిని మరల బైకి దీసెను. అతడు 1832లో చనిపోయెను. మొదట పశువులు పోయినవాని యేడ్పుతో గూడియుండిన మాట, అతని చేతిలో పడి వీరరసము నింపుకొని వచ్చినది. అక్కడనుండి పత్రికలకు, పత్రికలనుండి మా మిల్లు యజమానికి వచ్చి చేరినది.

ఇంకొక వింత వాడుకయు గలదు. 1868 మొదలు ఇంగ్లండులోని హియర్ఫర్డు పట్టణపు ప్రకృతి శాస్త్రాభిమానులు వానలు కురిసిన తరువాత అడవులలోనికి గుంపుగా బోయి పుట్టగొడుగులను వెదకుటకు ఈ పేరే పెట్టుకొనిరి. ఆ వాడుక నేటికిని నిలిచియున్నది. తిరిగి తిరిగి మాట మేత దగ్గరకే వచ్చినదని నాకు నవ్వు వచ్చినది.

మన భాషలో నిందుకు సరియైన మాట యేది? విరాటపర్వము చదివించిన వానలు కురియునని నమ్మి, ఊరూర దానిని చదివించుకొన్న వారము మనము. అందలి దక్షిణ గోగ్రహణ, ఉత్తర గోగ్రహణములు అచ్చముగ ఇట్టి దాడులే. సుశర్మ యొకవైపునుండి వచ్చి విరాటుని యాలమందలను బట్టెను. కౌరవులు మరునాడు రెండవవైపునుండి వచ్చి పట్టిరి. రాజ్యము గెలుచుకొని యేలుటకు గాదు వారు వచ్చినది, తోలుకొని పోవుటకు. కన్నడ దేశపు శాసనములలో దీనిని "తుఱుగొళ్" అందురు. ఆవులను బట్టుట యని యర్థము. ఆవులను విడిపింపబోయి చచ్చినవారికి నిలిపిన వీరగల్లులు ఆ దేశమున నెన్నియో కలవు.

దండయాత్ర యను మాట వేరు. అందు దండనగా సేన. యాత్ర యనగా పోవుట. సేనతో బోయిన దండయాత్ర, భక్తితో బోయిన తీర్థయాత్ర. మా చేరువ బీచుపల్లి యాంజనేయస్వామి జాతరలోని "జాతర" కూడ ఆ యాత్రయే. ఒక్క మాట సేనాపతికిని, ముసలమ్మకును బనికివచ్చినది. అయినను దండయాత్ర యనగా రాజు భేరి మ్రోగించి, పతాక మెత్తి వెడలుట. గడ్డివామి దోచుకొని పోవు నూరు గుర్రముల గుంపునకు అంత పెద్ద మాట తగదు.

ఇక మా నడిగడ్డ కథ. ఈ సీమకు నదులే పేరు పెట్టినవి. కన్నడ శాసనములలో "ఎడెదొఱె" యని పేర్కొనబడిన నాడు ఈ రెండు నదుల నడిమి భూమియే. 1014 మొదలు 1044 వరకు చోళదేశ మేలిన రాజేంద్రుడు తాను గెలిచిన సీమలను శాసనములలో వరుసగా జెప్పించుకొనునప్పుడు దీనిని గూడ పేర్కొనెను. పడమట ముదిగల్లు, రాయచూరు. తూర్పున గద్వాల, అలంపురము. అంతయు నొక్క నేలయే. మా గద్వాల, అలంపురము తాలూకాలు 1956 వరకు రాయచూరు జిల్లాలోనే యుండెడివి. పిమ్మట మహబూబునగరు జిల్లాలో గలిసి, 2016లో జోగులాంబ గద్వాల జిల్లా యైనవి. నదులు రెండు ఎటు పారినను, కాగితములపై హద్దులు మాత్రము మా నెత్తిమీదనే మారుచు వచ్చినవి.

ఉత్తరమున బహమనీ సుల్తానులు, దక్షిణమున విజయనగర రాయలు. నడుమ మేము. రెండు వందల యేండ్లు ఈ నడిమి భూమి యెవరిదను తగవు తీరలేదు. 1366లో జరిగిన యుద్ధమునకు ఫెరిస్తా యను పారసీక చరిత్రకారుడు చెప్పిన కారణము వినిన మీరు నమ్మరు. మహమ్మదు షా సుల్తాను విందులో పాటకు మెచ్చి, మూడువందల మంది గాయకులకు బహుమతి నిమ్మని విజయనగరపు బొక్కసముమీద హుండీ వ్రాసియిచ్చెనట. తన బొక్కసము కాదు, పొరుగు రాజుది! బుక్కరాయలు ఆ హుండీ తెచ్చినవానిని గాడిదపై నూరేగించి, తుంగభద్ర దాటి వచ్చి ముదిగల్లును బట్టుకొనెను. పాట విన్నవారు గుల్బర్గాలో, అవమానపడినవారు విజయనగరములో, చచ్చినవారు ముదిగల్లులో. సేనల లెక్కలను ఫెరిస్తా యొకింత పెంచి వ్రాయువాడు. అతడు విజాపురములో గూర్చుండి వ్రాసినది రెండు వందల యేండ్లకు పైబడిన తరువాత. అయినను దాడులు జరిగిన మాట నిజము.

అతడే చెప్పిన 1406 నాటి కథను మాత్రము కొంచెము నిదానముగా జెప్పెదను. ముదిగల్లులో నొక కంసాలి కుటుంబము. వారి కూతురు మిక్కిలి చక్కనిది. కాశీనుండి మరలివచ్చుచున్న బ్రాహ్మణుడొకడు వారింట విడిసి, ఆమెకు సంగీతము నేర్పి, పిదప విజయనగరమునకు బోయి మొదటి దేవరాయలకు ఆమె రూపగుణములను వర్ణించెను. రాయలు నగలతో నతనినే మరల బంపెను. ఆ హారము ధరించుట యనగా రాయల యంతఃపురము జేరుట. చేరిన పిదప తల్లిదండ్రులను చూచుట యుండదు. ఆ పిల్ల హారమును ముట్టలేదు. అప్పుడు రాయలు ఐదువేల గుర్రపు దండును తుంగభద్ర దాటించి ముదిగల్లు పల్లెలమీదికి బంపెను.

ఇదియే ఫోరే. రాజ్యము కొఱకు గాదు, కోట కొఱకు గాదు. పోవుట, పట్టుకొని వచ్చుట. అయితే దండు వచ్చుచున్నదని విని ఊళ్లవారితో బాటు ఆ కంసాలి కుటుంబము గూడ పారిపోయెను. వచ్చిన పని కాలేదు. వట్టి చేతులతో మరలవలసిన ఐదువేల రౌతులు దారి పొడవున నున్న పల్లెలను బాడుచేసి పోయిరి. నదిని చేరకమునుపే సుల్తాను సరదారు ఫౌలాదుఖాను వారిని దాకి, రెండువేల మందిని గూల్చెనని ఫెరిస్తా వ్రాసెను. ఫిరోజు షా సుల్తాను ఆ నెపముతో విజయనగరముమీదికే పోయెను. చివరకు రాయలు బంకాపురము కోటను, తన కూతును ఇచ్చి సంధి చేసికొనవలసి వచ్చెనట. కంసాలి పిల్లను సుల్తాను తన కొడుకునకు బెండ్లి చేసెనట.

ఈ కథలో నెంత నిజమని పండితులు వాదించుచున్నారు. పిల్ల మాట కల్పన కావచ్చును. కాని దారిలోని పల్లెల మాట కల్పించుటకు ఫెరిస్తాకు పని లేదు. అతడు వానిని గూర్చి యొక వాక్యము వ్రాసి దాటిపోయెను. ఊరి పేరొక్కటియు జెప్పలేదు. నేను చరిత్ర పుస్తకమున నా వాక్యము కడ ఆగిపోయితిని. రాయల కథ తెలిసినది, సుల్తాను కథ తెలిసినది, కంసాలి కూతురి పెండ్లియు దెలిసినది. ఆ యేడు ఆ పల్లెలలో పశువులు ఏమి మేసినవి? జొన్నచొప్ప వామికి నిప్పు పెట్టినచో వేసవి గడచుట యెట్లో నాకు దెలియును. నా చిన్నతనమున మా వామి యొకటి కాలినది. దానికి దండు రాలేదు, దీపపు నిప్పురవ్వ చాలినది. ఆ యేడు మా నాయన రెండెద్దులను అమ్మెను.

కృష్ణదేవరాయలు 1520లో రాయచూరును గెలుచుట ఫోరే గాదు. ముట్టడి వేసి, యుద్ధము చేసి, కోటను బట్టి, తన వారిని నిలిపెను. గెలిచి నిలిచినవాడు పన్ను గొనును గాని, మరుసటి యేడు గూడ పన్ను రావలయు గనుక ఎద్దును, విత్తును విడుచును. పోయి మరలువానికి మరుసటి యేడు లేదు. ఈ భేదము రాజులకంటె మనకే బాగుగా దెలియును.

సేన తిండి సంగతి మఱొకటి చెప్పవలెను. 1791లో కారన్వాలిసు దొర శ్రీరంగపట్టణము దాక బోయి, మేత దొరకక ఎడ్లు చచ్చిపోవగా, పెద్ద ఫిరంగులను తానే పగులగొట్టించి మరలివచ్చెను. టిప్పు సుల్తాను ముందుగనే చుట్టుప్రక్కల నేలను పాడు పెట్టించియుండెను. మరుసటి యేడు ఎడ్లమీద ధాన్యము మోసికొని వచ్చిన లంబాడీల సాయముతో ఆ సేనయే మరల పోయి పని సాధించెను. మన తండాలలోని లంబాడీల పెద్దలు ఆ కాలమున దక్కను సేనలకు అన్నదాతలు. వారి ఎద్దుల వరుస వెంట నున్న సేన పల్లెలను దోచుకొన నవసరము లేదు. ఈ సంగతిని చరిత్ర పుస్తకములు రెండు మాటలలో దాటవేయుట న్యాయము గాదు.

ఇట్టి యెద్దుల వరుస లేక, డేరాలు లేక, మూట ముల్లె లేక నడచినవారు పిండారీలు. గుర్రముమీద నాలుగు రొట్టెలు, కొంత దాణా. మిగిలినది దారిలోని ఊళ్లే యిచ్చుకొనవలెను. దినమునకు 40, 50 మైళ్లు పోయెడివారు. 1816 మార్చి నెలలో వారు నైజాము రాజ్యము మీదుగా వచ్చి గుంటూరు సీమపై బడిరి. కుంపిణీ వారి లెక్క ప్రకారము పండ్రెండు దినముల లోపల 339 గ్రామములు దోపిడి యైనవి. 182 మంది చచ్చిరి. 505 మంది గాయపడిరి. దాచిన సొమ్ము చూపుమని 3,600 మందికి పైగా హింసలు పెట్టబడిరి. ఈ మూడవ యంకెనే నేను పలుమారు చూచితిని. దాచిన సొమ్ము! మా పల్లెలలో జొన్నలను నేలలో బాతర వేయుట పురుగు పట్టకుండుట కొఱకని మనము చెప్పుకొందుము. అది నిజమే. కాని పైన మన్ను కప్పి, పేడతో నలికి, చోటు పరాయివానికి దెలియకుండ జేయుట పురుగునకు భయపడి కాదుగదా. ఊరి నడుమ బురుజు కట్టుటయు గాలికొఱకు గాదు. పిండారీల పని 1817, 1818 సంవత్సరముల యుద్ధముతో ముగిసినది. లూటీ యను మన మాట మాత్రము ఇంగ్లీషులోనికి బోయి స్థిరపడినది. వారి మాట మనకు, మన మాట వారికి!

ఇక మనుమని ప్రశ్న. పొత్తిగా బాడైపోయిన చరిత్రగల మాటను మంచి పనికి వాడవచ్చునా? వాడుక యెవరి యాజ్ఞకు లోబడదు. ఇంగ్లీషువారు వాడుకొందురు గాక. తెలుగులో జెప్పునప్పుడు మాత్రము మనకు స్వేచ్ఛ గలదు. ఈనాటి పత్రికలు "అరంగేట్రము" అనుచున్నవి. అరవము నుండి వచ్చిన యా మాట నాట్యము నేర్చిన పిల్ల తొలిసారి సభ కెక్కుట. ఏండ్ల తరబడి నేర్చి, గురువు సెలవిచ్చిన పిదప జరుగునది. నేర్వకయే దూకువానికి ఆ మాట యిచ్చుట నాకు నచ్చదు.

మనకు "చొచ్చు" అను క్రియ గలదు. దానినుండి "చొరబాటు" వచ్చినది. హక్కు లేనిచోట దూరుట. దానినుండియే "చొరవ" వచ్చినది; వెనుదీయక ముందడుగు వేయుట. ఇంగ్లీషువారు ఒక్క మాటతో గడుపుకొనుచున్న రెండు పనులకు మన పెద్దలు రెండు మాటలు వేరుపఱచి పెట్టిరి. మూడవదియు గలదు, "శరణు చొచ్చుట". దండు చొరబడగా ఇల్లు విడిచిన పల్లెవాడు చేసినది. మా నడిగడ్డ చరిత్ర యంతయు నీ యొక్క క్రియతో వ్రాయవచ్చును.

చొరవకు మా సీమలోనే యొక మనిషి దొరికెను. మా యూరి పేరును బోలిన ఇటిక్యాలపాడు సురవరము వారి గ్రామము. రెండును ఒక్కటే యని వెలుపలివారు పొరపడుచుందురు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1896లో జన్మించిరి. వకీలు చదువు చదివినవారు. 1926లో గోలకొండ పత్రికను బెట్టిరి. నైజాము రాజ్యమున తెలుగు కవులే లేరని యొకరు వ్రాయగా, 354 మంది కవుల పద్యములు కూర్చి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. రాజుల యుద్ధములనే చరిత్ర యనుకొను కాలమున, జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏమి యాడిరి అని వెదకి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను బ్రకటించిరి. 1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. 1953లో కాలధర్మము నొందిరి. 1955లో తెలుగునకు వచ్చిన మొదటి సాహిత్య అకాడమీ బహుమానము ఆ గ్రంథమునకే లభించెను.

శాసనసభలో వారున్నది కొద్దికాలము. ఇంగ్లీషు పత్రికవాడైన దానిని "ఫోరే" యనవచ్చును, మాట సరిపోవును. కాని సాంఘిక చరిత్రలోనికి వారు పోయిన పోక అట్టిది గాదు. అక్కడనుండి వారు మరలిరాలేదు.

ఉగాదికి మనుమడు మరల వచ్చినప్పుడు ఇదంతయు జెప్పితిని. వాడు ఓపికతో విని, ఆనాటి పత్రికను వెదకి తెచ్చి, ఆ మాటపై కలముతో "చొరవ" అని వ్రాసెను. కొంతసేపు ఆలోచించి, ప్రక్కన ప్రశ్నార్థకము పెట్టెను. "మిల్లాయన ఓడిపోతే మల్ల మిల్లుకే పోతడు గద తాతా?" అనెను. "పోవును" అంటిని. "అట్లయితే ఇంగ్లీషోడు రాసిందే రైటు" అని పత్రిక మడిచి, ఎద్దులకు చొప్ప వేయుటకు దొడ్డివైపు బోయెను.